ఆషాఢం పని జ్యేష్ఠంలోనే అడగాలి

ప్రశ్న: అన్నా, మాది మహబూబ్‌నగర్. నా వయసు 27. డిగ్రీ అయ్యాక ఒక స్టూడియోలో పని నేర్చుకుని, నాలుగేళ్లుగా సొంత కెమెరాతో ఎవరు పిలిస్తే వాళ్లకు ఫోటోలు తీస్తున్నాను. ఒక వారం పెళ్లి, ఇంకో వారం గద్వాల చీరల దుకాణం, ఆ తర్వాత బడిపిల్లల గ్రూపు ఫోటోలు, ఎన్నికలు వస్తే వీడియో డ్యూటీ, మధ్యమధ్య ఒక పత్రికకు వార్తా ఫోటోలు. చనిపోయినవాళ్ల పాత ఫోటోలు పెద్దవి చేసివ్వమని కూడా వస్తుంటారు. ఒక నెల 50 వేలు వస్తే, ఇంకో నెల 5 వేలు కూడా రావు. ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే ఒక సంస్థ హైదరాబాద్‌లోని తన స్టూడియోలో నెలకు 26 వేల జీతానికి రమ్మంటోంది. "అన్ని పనులూ చేసేవాళ్లకు ఏ పనీ పూర్తిగా రాదు, ఏదో ఒకటి పట్టుకో" అని నాకు కెమెరా పట్టడం నేర్పిన గురువు గారే అంటున్నారు. ఆషాఢంలో ఖాళీగా కూర్చున్నప్పుడు ఆ మాట నిజమే అనిపిస్తుంది. అమ్మకు కూడా ఉద్యోగమే ఇష్టం. ఏం చేయమంటారు?
– ఒక చెల్లెలు, మహబూబ్‌నగర్

సమాధానం: చెల్లెమ్మా, మీ గురువు గారిని తప్పుపట్టను. కాకపోతే ఆయన పెద్ద నగరాల సంగతి మనసులో పెట్టుకుని ఆ మాట అన్నారు. హైదరాబాద్‌లో నగల ఫోటోలు మాత్రమే తీసి బతకవచ్చు. వంటకాల ఫోటోలు మాత్రమే తీసి బతకవచ్చు. పుట్టి పది రోజులైనా కాని పసికందుల ఫోటోలు తప్ప మరొకటి ముట్టనివాళ్లు కూడా అక్కడ హాయిగా బతుకుతున్నారు. పాలమూరులో అలా ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే, ఆ పని మళ్లీ వచ్చేదాకా పస్తుండాలి. జిల్లా కేంద్రాల్లో ఫోటోగ్రాఫర్ నాలుగు రకాల పనులు చేయడం ఈనాటిది కాదు. నల్లగొండలో నేను స్టూడియో నడిపిన రోజుల్లో పొద్దున పాస్‌పోర్టు ఫోటో, మధ్యాహ్నం ప్రారంభోత్సవం, రాత్రికి పెళ్లి. దాన్ని ఎవరూ నిలకడలేనితనం అనలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు తోచింది ఇది: నువ్వు చేస్తున్న పనులు ఎక్కువేమీ కావు. ఏ పని ఏ నెలలో వస్తుందో నువ్వు లెక్కపెట్టుకోవడం లేదు. వచ్చిన పిలుపుకు వెళుతున్నావు తప్ప, నువ్వుగా వెళ్లి అడిగిన పని ఒక్కటీ నీ ఉత్తరంలో కనిపించలేదు.

పంచాంగం తెరిచి చూడు. మన వృత్తికి సగం యజమాని అదే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే పెళ్లిళ్లు ఉండవు. గురువో శుక్రుడో మూఢంలో పడితే మంచి మాసాలు కూడా ఖాళీ. వీటికి తోడు మూడేళ్లకోసారి అధికమాసం: 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. ఇవేవీ చెప్పకుండా వచ్చిపడేవి కావు. ఉగాదికి ముందే పంచాంగం అచ్చయి అంగట్లో దొరుకుతుంది. అయినా ఏటా ఆషాఢం రాగానే మనవాళ్లు నెత్తిన పిడుగు పడ్డట్టు చూస్తారు.

అదే నెలను చీరల దుకాణం గుమ్మంలో నిలబడి చూడు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు. ఆ వెంటనే బతుకమ్మ, దసరా. ఆ సరుకు ఫోటోలు దుకాణదారుకు ఎప్పుడు కావాలి? ఆషాఢంలో. నీ చేతిలో పెళ్లి లేని నెలే అతనికి ఫోటోలు కావలసిన నెల. కానీ ఆషాఢం వచ్చాక వెళ్లి అడిగితే అప్పటికే అతని మేనల్లుడు ఫోనుతో తీసి పెట్టేసి ఉంటాడు. జ్యేష్ఠంలో, పెళ్లిళ్లతో నీకు ఊపిరి సలపని రోజుల్లోనే, ఒక పూట వీలు చేసుకుని వెళ్లి మాట్లాడుకుని రావాలి. భాద్రపదం సంగతి కూడా అంతే. గద్వాల వైపు విత్తన పత్తి పూత మీద ఉండే కాలం అది. విత్తన కంపెనీలకు చేలో తీసిన మంచి ఫోటోలు కావాలి. కానీ మహబూబ్‌నగర్‌లో ఒక ఫోటోగ్రాఫర్ ఉందని వాళ్లకు తెలియాలి కదా. జడ్చర్ల పక్కన పోలేపల్లి మందుల కర్మాగారాల్లో మార్చి 4న జాతీయ భద్రతా దినం జరుపుతారు. దాని కోసం ఫిబ్రవరిలోనే వెళ్లి పలకరించాలి. (అక్కడికి వెళితే ఒక మాట గుర్తుంచుకో. ద్రావకాలు వాడే విభాగాల్లోకి ఫ్లాషు, బ్యాటరీ ఉన్న పరికరం ఏదీ భద్రతాధికారిని అడగకుండా తీసుకెళ్లకు. ఒక్క నిప్పురవ్వ చాలు.) కార్తికంలో ఒకపక్క ముహూర్తాలు, మరోపక్క కురుమూర్తి జాతర. ఉద్దాల (స్వామి పాదుకల) ఊరేగింపు నాడు అక్కడ ఉండాలంటే ఆ తేదీకి పెళ్లి ఒప్పుకోకూడదు. ఇలా పన్నెండు నెలలూ ఒక పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించు. ఆ నెలలో వచ్చే పని ఒక రంగులో, దాన్ని ఎప్పుడు అడగాలో మరో రంగులో.

మీ జిల్లాకు పేరిచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులోని ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ గురించి విని ఉంటావు. 1844లో పుట్టి 1905లో పోయిన ఆయన మొదట ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసేవారు. ఆ తర్వాత ఆయన తీయనిది లేదు. దర్బారులు, కోటలు, గుళ్లు, వేటలు, సైనిక విన్యాసాలు, కరువు సహాయ పనులు, డబ్బిచ్చి వచ్చి కూర్చున్న ప్రతివాళ్ల ముఖాలు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసమే వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఏదో ఒకటి పట్టుకోమని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. అయితే అన్ని రకాలు తీసిన ఆ మనిషి ఫోటోల మీద సంఖ్య, పేరు నెగెటివ్‌లోనే రాసి ఉండేవి. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఆయన గాజుపలక నెగెటివ్‌లు 2,800కు పైగా ఉన్నాయి. నీ హార్డ్‌డిస్కులో 'న్యూ ఫోల్డర్' పేరుతో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకో. తేదీ, ఊరు, ఎవరి పని అన్నది ఫోల్డరు పేరులోనే ఉండాలి. ఐదేళ్ల కింద తీసిన పెళ్లిలోని తాత ముఖం కావాలని ఎవరైనా వస్తే ఐదు నిమిషాల్లో తీసివ్వగలగాలి. ఈ మాట ఎందుకంటున్నానో కిందికి వచ్చాక తెలుస్తుంది.

ఒక పనిలో తిరిగిన చేయి ఇంకో పనిని ఎలా బాగుచేస్తుందో గద్వాల చీరతోనే చెబుతాను. నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ కుప్పడం పద్ధతిలో కలిపి నేస్తారు. నూలు వెలుగును పీల్చుకుంటుంది, పట్టు తిప్పికొడుతుంది, జరీ అద్దంలా మెరుస్తుంది. ఒకే చీర మీద మూడు రకాల ఉపరితలాలు. అంచుకు సరిపడా వెలుగు పెడితే నడుమ బూడిద రంగుకు తిరుగుతుంది. నడుమకు పెడితే జరీ తెల్లటి గీతగా కాలిపోయి అందులోని పనితనం మాయమవుతుంది. చాలామంది వెంటనే పోలరైజర్ ఫిల్టర్ కొంటారు. నీళ్ల మీద, గాజు మీద మెరుపును అది తగ్గిస్తుంది కానీ లోహం మీది మెరుపు దానికి లొంగదు. దానికన్నా ఇంట్లో ఉన్న తెల్ల పంచె మేలు. కిటికీకి అడ్డంగా పంచె కట్టి, చీరను దానికి పక్కగా పరిచి, కెమెరాను కొద్దికొద్దిగా జరుపుతూ చూడు. ఒకచోట జరీలో బల్బు చుక్క బదులు పంచె తెలుపు మొత్తం పరుచుకుని కనిపిస్తుంది. అక్కడ ఆగి తీయి. వెలుగు పక్కనుంచి, కిందుగా పడుతుంది కాబట్టి నేత కూడా లేచి కనబడుతుంది. బూడిదరంగు కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే కనబడేలా చేసే రంగుల సర్దుబాటు) సరిచేసుకో. వంకాయ రంగు, నేరేడు రంగు కెమెరాలో నీలానికి జారిపోతాయి. వాటిని కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు అసలు చీర పక్కన పెట్టుకుని సరిదిద్దు. ఫోటోలో ఒక రంగు, పార్శిల్ విప్పితే మరో రంగు అయితే కొన్నవాళ్లు చీర వెనక్కి పంపుతారు. ఆ నష్టం తప్పించినదానివిగా నీ రేటు అడుగు.

ఇప్పుడు పెళ్లిమండపంలో వధువు కట్టేది కూడా ఆ జరీ అంచు చీరే. చీరల దుకాణంలో జరీని లొంగదీసిన చేయి, జీలకర్ర బెల్లం సమయంలో ఫ్లాషును నేరుగా వేయదు. పక్కగోడకో పైకప్పుకో తిప్పుతుంది. పెళ్లిళ్లలో ఇంకో తలనొప్పి, వెనక పెట్టే ఎల్ఈడీ వెలుగులు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. దాని మీద నడిచే చవకరకం దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి కనిపించదు కానీ షట్టర్ వేగం పెంచావో ఫోటోలో అడ్డచారలు పడతాయి. షట్టర్‌ను 1/100 దగ్గరో 1/50 దగ్గరో ఉంచి, శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేస్తే చాలావరకు తగ్గుతాయి. మాంగల్యధారణ ఒక్కసారే జరుగుతుంది. చారలు పడ్డాయి, ఇంకోసారి కట్టమని అడగలేం కదా.

నీకున్న ఒక అనుకూలతను నువ్వు ఉత్తరంలో ఎక్కడా చెప్పనే లేదు. పెళ్లికూతురిని చేసేటప్పుడు, మంగళస్నానాలప్పుడు, అలంకరణ గదిలో, ఓణీల వేడుకలో, సీమంతంలో మగ ఫోటోగ్రాఫర్ గుమ్మం బయటే నిలబడాలి. లోపలికి వెళ్లినా ఆ ఆడవాళ్ల ముఖాల్లో బిగువు వచ్చేస్తుంది. నువ్వు వెళితే వాళ్లు వాళ్లలాగే ఉంటారు. దీన్ దయాళ్ అంతటివారు వేరే స్టూడియో పెట్టి, ఇంకొకరిని నియమించి సంపాదించుకున్న వెసులుబాటు అది. దానికి నీ రేటులో చోటివ్వు. తోటి మగ ఫోటోగ్రాఫర్లతో కూడా మాట్లాడుకో. వాళ్లు ఒప్పుకున్న పెళ్లిలో లోపలిగది పని నీకిస్తారు, పెళ్లి మొత్తం నెత్తిన వేసుకోకుండానే నీకు ఒక రోజు పని దొరుకుతుంది. రాత్రి ముహూర్తమైతే తిరిగి ఇంటికి చేర్చే వాహనం పెళ్లివాళ్లదే అని ముందే రాయించుకో. తోడుగా ఒక సహాయకురాలిని తీసుకెళ్లు. ఈ రెండూ అడగడానికి మొహమాటపడకు.

చనిపోయినవాళ్ల ఫోటోల పనిని ఉత్తరంలో చివర ఒక్క వాక్యంలో తేల్చేశావు. నన్నడిగితే నీ పనులన్నింటిలో అతి కష్టమైనది అదే. దినం ఇంకా మూడు రోజులుందనగా కొడుకు ఆధార్ కార్డు పట్టుకుని వస్తాడు. ఆ తల్లికి వేరే ఫోటో లేదంటాడు. ఆ గోరంత బొమ్మను 12, 18 అంగుళాల ఫ్రేముకు పెంచితే ముఖం ఉండదు, చుక్కలు ఉంటాయి. వెంటనే పని మొదలుపెట్టకుండా, "ఇంట్లో ఎవరి పెళ్లి ఆల్బమ్ అయినా ఉందా? బడిలో మనవరాలి ఫంక్షన్‌కు వచ్చిందా? ఎవరి ఫోనులోనైనా గ్రూపు ఫోటో ఉందా?" అని అడుగు. పదింటిలో ఏడిళ్లలో ఏదో ఒకటి దొరుకుతుంది. వాట్సాప్‌లో పంపితే నాణ్యత పోతుంది కాబట్టి అసలు ఆల్బమే తెమ్మను. మెరిసే పేజీని ఫోటో తీసేటప్పుడు దీపాలు రెండు పక్కలా ఏటవాలుగా పెట్టు, ఎదురుగా పెడితే మెరుపు ముఖం మీదే పడుతుంది. నీ హార్డ్‌డిస్కును సర్దుకోమన్నది ఇందుకే. ఊళ్లో నువ్వు తీసిన ఏ పెళ్లిలోనో ఆ మనిషి మూడో వరుసలో నవ్వుతూ కూర్చుని ఉండవచ్చు.

ఇప్పుడు మసక ఫోటోను క్షణంలో తేటగా చేసే కృత్రిమ మేధ యాప్‌లు వచ్చాయి. వాడవచ్చు, కానీ కళ్లు తెరుచుకుని వాడు. అవి లేని కళ్లను, లేని పళ్లను ఊహించి పెడతాయి. ఎవరో అందమైన ముసలమ్మ తయారవుతుంది, వీళ్ల అమ్మ కాదు. రంగు తెల్లబరచకు, ముక్కుపుడక చెరపకు, బుగ్గ మీది మచ్చ తీసేయకు. అచ్చువేసే ముందు రోజూ ఆ ముఖం చూసిన ఒక్కరికి, వీలైతే కూతురికి, చూపించు. "ఇది మా అమ్మే" అన్నాకే ప్రింటు. ఈ పనికి బేరమాడనివ్వకు, నువ్వూ ఆ ఇంటి పరిస్థితి చూసి ఎక్కువ అడగకు. ఒకే ధర గోడ మీద రాసిపెట్టు. ఈ పని నీకు పెద్ద డబ్బు తేదు. కానీ ఆ ఫ్రేము ఇరవై ఏళ్లు గోడ మీద ఉంటుంది, కింద నీ స్టూడియో పేరుతో సహా. ఆ ఇంట్లో తర్వాతి పెళ్లికి పిలుపు ఎవరికి వస్తుందో చెప్పాలా?

బడి ఫోటోల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నీడలో నిలబెట్టు, పొడుగువాళ్లను వెనక్కి పంపు, పేర్లు అప్పటికప్పుడే రాసుకో, పిల్లల ఫోటోలు నీ ప్రచారానికి వాడకు.

కాగితాల విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. మనవాళ్ల డబ్బు ఎక్కువగా ఇరుక్కునేది ఆల్బమ్ దగ్గర. పెళ్లయిపోతుంది, జంట ఏ బెంగళూరుకో వెళ్లిపోతుంది, వెయ్యి ఫోటోల్లో ఆల్బమ్‌కు ఏవి కావాలో ఎంచడానికి ఏడాది పడుతుంది. మిగతా డబ్బు అప్పటిదాకా అంతే. కాబట్టి మూడో వంతు తేదీ ఖాయం చేసుకునేటప్పుడు, మూడో వంతు పెళ్లి రోజున, మిగిలింది ఫోటోలు చేతికిచ్చేటప్పుడు. ఆల్బమ్‌ను వేరే బిల్లుగా పెట్టు. 45 రోజుల్లో ఎంచి ఇవ్వకపోతే ఎంపిక నాదే అని రాయి. రసీదు మీద ఇవన్నీ అచ్చులో ఉంటే నోటితో చెప్పే ఇబ్బంది ఉండదు.

అదే రసీదు మీద ఇంకో వాక్యం కూడా కావాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ ఫోటో మీద తొలి హక్కు వాళ్లదే. తీసింది నేనే కదా అనుకుని పెళ్లికూతురి ఫోటోను నీ ప్రచారానికి పెట్టినా, చీరల దుకాణానికి ఇచ్చినా చిక్కే. "ఎంచిన పది ఫోటోలు ఫోటోగ్రాఫర్ తన పని చూపించుకోవడానికి వాడుకోవచ్చు" అని రాసి సంతకం పెట్టించుకో. వద్దన్నవాళ్లవి వాడకు. చీరల దుకాణంతో ఇదే మాట ఇంకో రకంగా: నీకిచ్చిన ధర ఆన్‌లైన్‌కా, కేటలాగుకా, రోడ్డు మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీకా? మూడూ ఒకే ధరకు ఇవ్వకు.

ఎన్నికల వీడియో పని వస్తే వదలకు, కానీ డబ్బు ఆలస్యమవుతుందని ముందే లెక్కలో రాసుకో. ఆ రోజుల ఖర్చు నీ జేబులోంచే పోతుంది. నియామక పత్రం కాపీ, రోజువారీ హాజరు సంతకం, వీడియో కార్డు అప్పగించినట్టు రసీదు, ఈ మూడూ లేకుండా ఇంటికి రాకు. బిల్లులో పన్ను కోసి ఇస్తే, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. వరుసగా రిటర్నులు ఉంటే కొత్త కెమెరాకు బ్యాంకు అప్పు అడగడానికీ పనికొస్తాయి. సేవల రాబడి ఏడాదికి 20 లక్షల లోపు ఉన్నంతకాలం జీఎస్టీ బెంగ అక్కర్లేదు.

ఏదైనా ఒకటి వదలాలంటే నేను పత్రిక పనినే వదలమంటాను. పత్రికల మీద కోపంతో కాదు. పత్రికవాళ్లిచ్చే డబ్బు సంగతి నువ్వు ఎక్కడా రాయలేదు కాబట్టి వాళ్లు ఇవ్వడం లేదనే అనుకుంటున్నాను. "పేరు వేస్తాం" అన్నది పెట్రోలు బంకులో చెల్లదు. ఫోటోకు ఇంత అని ఇస్తామంటే కొనసాగించు. లేదంటే వార్తా ఫోటోల మీద నీకు నిజంగా ఇష్టం ఉంటే, నీ కోసం నువ్వు తీసుకో.

ఆ ఇష్టానికి చోటు నీ దగ్గర్లోనే ఉంది. చీరలు మడతలు విప్పి దుకాణంలో తీస్తున్నావు, ఆ చీర నేసిన ఇంటికి ఎప్పుడైనా వెళ్లావా? గద్వాల వైపు వెళ్లినప్పుడు ఒక పూట మగ్గం దగ్గర కూర్చో. గుంట మగ్గం గదిలో ఒక ట్యూబులైటు, ఒక చిన్న కిటికీ. మొదటి గంట కెమెరా తీయకు. తీశాక షట్టర్‌ను 1/15కు దించి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి తీస్తే మనిషి కదలకుండా ఉంటాడు, నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసేది) మాత్రం ఒక గీతలా సాగుతుంది. ఎన్నో పోతాయి, కొన్ని నిలుస్తాయి. మళ్లీ వెళ్లినప్పుడు ప్రింట్లు తీసుకెళ్లి ఇవ్వు. మాట ఇచ్చి ప్రింటు ఇవ్వని ఫోటోగ్రాఫర్లను ఆ ఇళ్లు చాలామందిని చూసి ఉంటాయి. నారాయణపేటకు కూడా ఇలాగే. రెండేళ్లలో నీ దగ్గర వంద మంచి ఫోటోలు ఉంటాయి. చీరలు కొనేవాళ్లు ఇది ఎవరు నేశారని అడుగుతున్న కాలం కాబట్టి, దుకాణదారే వచ్చి వాటికి డబ్బిస్తానంటాడు. ఇవ్వకపోయినా నష్టం లేదు.

ఇక ఉద్యోగం. జీతం నెలకు 26 వేలు అంటే ఏడాదికి 3 లక్షల 12 వేలు. హాస్టలు, తిండి, రాకపోకలు తీసేస్తే మిగిలేది సగానికి కాస్త పైన. నీ ఆదాయం నెలలవారీగా చెప్పావు, అది కళ్లను మోసం చేస్తుంది. గడిచిన పన్నెండు నెలలది కూడు. అందులోంచి పెట్రోలు, సహాయకుల కూలి, ఆల్బమ్ ఖర్చు, కెమెరా అరుగుదల తీసెయ్యి. అరుగుదల అంటే నవ్వకు. మధ్యరకం కెమెరా షట్టర్‌కు తయారీదారులు చెప్పే ఆయుష్షు లక్ష నుంచి రెండు లక్షల క్లిక్కులు. పెళ్లికి మూడు వేలు కొడుతుంటే అది ఎన్ని పెళ్లిళ్లకు సరిపోతుందో నువ్వే లెక్కవేసుకో. ఇవన్నీ పోను ఏడాదికి రెండు లక్షలు మిగిలితే ఇంట్లోనే ఉండు, మీ అమ్మకు ఆ కాగితం చూపించు. లక్ష దగ్గరే ఆగిపోతే, లేదా నెత్తిన వడ్డీ అప్పు ఉంటే, మీ అమ్మ మాటే సరైనది. వెళ్లు, అందులో చిన్నతనం లేదు. పని వెతుక్కుంటూ ఊరు దాటడం పాలమూరువాళ్లకు కొత్త కాదు. కాకపోతే వెళ్లేముందు ఒకటి తెలుసుకో. అలాంటి స్టూడియోల్లో దీపాలు ఒకసారి అమర్చి ఉంటాయి, కొలతలు నేల మీద టేపుతో గీసి ఉంటాయి. రోజుకు వందల ఫోటోలు, ఒకే కోణంలో. దీపాలు అమర్చే పద్ధతి నేర్చుకోవడానికి ఆరు నెలలు బాగా పనికొస్తుంది. ఆ తర్వాత నీ చేతికి కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు, ఈలోపు ఊళ్లో నిన్ను పిలిచేవాళ్లు వేరేవాళ్లను చూసుకుంటారు.

మధ్యదారి ఒకటుంది, వాళ్లను అడగడానికి భయపడకు. నెల జీతం బదులు, మూఢాల్లోనూ శూన్యమాసాల్లోనూ వారం, పది రోజుల చొప్పున వచ్చి చేస్తానను. పండగల ముందు వాళ్లకూ మనుషులు చాలరు, రోజుకూలికి ఫోటోగ్రాఫర్లను పిలిచే సంస్థలు హైదరాబాద్‌లో లేకపోలేదు. రోజుకు ఎంత కావాలని అడిగితే అంకె వెంటనే చెప్పకు. రోజుకు ఎన్ని చీరలు, మడతపెట్టినవా మనిషికి కట్టినవా, కెమెరా ఎవరిది, రంగులు సరిదిద్దే పని ఎవరిది, బస ఎవరిది అని ముందు నువ్వు అడుగు. రంగుల పని కూడా నీదేనంటే దానికి వేరే లెక్క.